అడవి మాది, గొంతు ఎవరిది?

'పుష్ప'లో మాట చిత్తూరుది. అడవి మారేడుమిల్లిది. నా గొడవంతా ఈ రెండు ముక్కల మధ్యే ఉంది కాబట్టి ముందు దాన్ని కొంచెం విడమరిచి చెప్తాను.

2021 డిసెంబరులో ఆ సినిమా వచ్చినప్పుడు మా వైపు వాళ్ళం మురిసిపోయిన మాట నిజం. ఎన్నాళ్ళుగానో కమెడియన్‌కో, విలన్ వెనక నిలబడే మనిషికో ఇచ్చిన యాసని హీరో మాట్లాడాడు. బెంగుళూరులో మా ఆఫీసులో కాకినాడ కుర్రాళ్ళు కూడా పది రోజుల పాటు "ఏంది, ఎట్టుండావు" అంటూ తిరిగారు. సంతోషం. కానీ తెర మీద కనపడే అడవిని ఒకసారి గుర్తు చేసుకోండి. దట్టమైన పచ్చదనం, తడి నేల, చెట్ల మధ్య పొగమంచు. అది గోదావరి వైపు మన్యం. శేషాచలం అట్లా ఉండదు. ఎర్రచందనం అంత చెమ్మ ఉన్న చోట పెరిగే చెట్టు కాదు. రాళ్ళ గుట్టల మీద, ఎండకి కాగిన నేలలో, ఏళ్ళూ పూళ్ళూ తీసుకుని నెమ్మదిగా పెరుగుతుంది. ఎండాకాలం వచ్చే సరికి ఆకులు రాల్చేసి మోడై నిలబడుతుంది. ప్రపంచంలో అది తనంతట తాను పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. అంటే కథకి మూలమైన చెట్టు, కథ చూపించిన అడవి ఒకదానికొకటి పరాయివి.

"కల్పిత సినిమా కదా, షూటింగుకి వీలు చూసుకుంటారు, దానికేముంది" అంటారు మీరు. ఒప్పుకుంటాను. దర్శకుడి మీద నాకు కోపమేమీ లేదు. వ్యాపార సినిమాకి అడవి ఒక లొకేషన్. ఎక్కడ లారీ ఎక్కుతుందో, ఎక్కడ పచ్చగా కనపడుతుందో అక్కడికి పోతారు. నన్ను బాధపెట్టేది ఇంకోటి. శేషాచలాన్ని శేషాచలంగా, తెలుగులో, గంటసేపు కూర్చోబెట్టి చూపించే సినిమా పేరు ఒకటి చెప్పమంటే, ఇంత చదివే మనం కూడా నీళ్ళు నములుతాం. 'పుష్ప' తప్పుగా చూపించిందని చెప్పడానికైనా, సరిగ్గా చూపించినది ఒకటి మన చేతిలో ఉండాలి కదా.

చూపించడానికి సరుకు లేకనా? తిరుపతి కొండల్లో బంగారు బల్లి ఉంది. బెడ్డోమ్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1870లోనే దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రేణిగుంట దాటితే వచ్చే మామండూరు పులి గురించీ, చామల లోయలో తిరిగిన పులి గురించీ బెంగుళూరులో ఉండే కెన్నెత్ ఆండర్సన్ 1950ల్లోనే ఇంగ్లీషులో రాసి పెట్టాడు. 1989లో శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు వచ్చింది. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అయింది. ఇంగ్లీషు తెలిసినవాడికి ఈ కొండల మీద చదువుకోడానికి నూటయాభై ఏళ్ళ సరుకు ఉంది. రోజూ వేలమంది మెట్లెక్కి పోయే కొండ ఇది. ఆ వేలమందిలో ఎక్కువమందికి తెలిసిన భాషలో చూపించినది ఎంత ఉందో మీరే లెక్క వేసుకోండి.

దీనికి మూల్యం లేదనుకోకండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి ఒక చిన్నపాపని పొట్టన పెట్టుకుంది. టీవీలు వారం రోజులు ఊగిపోయాయి. టీటీడీ నడిచి వచ్చే భక్తుల చేతికి కర్రలిచ్చింది. ఆ కర్రల మీద దేశమంతా జోకులు వేసింది. చిరుత ఏ వేళల్లో తిరుగుతుంది, దారి పక్కన పారేసిన తిండికి కుక్కలూ పందులూ ఎట్లా చేరతాయి, వాటి వెనక అది ఎట్లా వస్తుంది, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని గుంపుగా ఎందుకు నడవాలి. ఇవి నలభై నిమిషాల సినిమాలో ఎవరికైనా అర్థమయ్యే విషయాలు. టీటీడీకి సొంతంగా అటవీ విభాగం ఉంది, సొంత టీవీ ఛానలూ ఉంది. ఆ ఛానల్ కెమెరాల్లో ఒక్కటి, ఒక్క ఏడాది, గుడి వైపు నుంచి అడవి వైపు తిరిగితే స్వామివారు ఏమీ అనుకోరు. ఆ కొండలు ఆయన పేరు మీదే ఉన్నాయి కదా.

ఏనుగుల సంగతి ఇంకా అన్యాయం. దాదాపు రెండు వందల ఏళ్ళుగా ఈ ప్రాంతంలో లేని ఏనుగులు 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి కుప్పం, పలమనేరు వైపు నడుచుకుంటూ వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. వచ్చినప్పటినుంచీ రైతుకీ ఏనుగుకీ రాత్రిళ్ళు యుద్ధమే. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు, కుంకీ ఏనుగుల్ని తెచ్చారు. చెరకు పోయింది, అరటి పోయింది, మనుషులు పోయారు, కరెంటు తీగలకి ఏనుగులూ పోయాయి. నలభై ఏళ్ళ ఈ చరిత్ర మొత్తానికి మన టీవీల దగ్గర ఉన్నది ఒకే ఒక్క హెడ్డింగు: "గజరాజుల బీభత్సం". కింద ఎర్ర పట్టీ, వెనక డప్పుల మ్యూజిక్కు. ఒక గుంపు ఎందుకు అదే దారిన వస్తుంది, దాన్ని నడిపించే ముసలి ఆడ ఏనుగుకి ఏ చెరువు గుర్తుంది, మంచె మీద నిద్ర కాచే రైతుకి అది వస్తున్నట్టు ముందే ఎట్లా తెలుస్తుంది. ఇవి అడిగే ఓపిక ఎర్ర పట్టీకి ఉండదు.

2023 మార్చిలో ఒక తమాషా జరిగింది, మనం పెద్దగా పట్టించుకోలేదు. 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రాత్రే ఇంకో భారతీయ సినిమాకీ ఆస్కార్ వచ్చింది. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. ముదుమలైలో రెండు ఏనుగు పిల్లల్ని సాకిన ఒక కాట్టునాయకర్ జంట కథ. నలభై నిమిషాల డాక్యుమెంటరీ. అందులో వాళ్ళు మాట్లాడేది తమిళం. మనం పాటకి గంతులేశాం, వేయాల్సిందే. కానీ ఆ రెండో సినిమా మన మీద వేసిన ప్రశ్న మనకి వినపడలేదు. ఏనుగులు మనకీ ఉన్నాయి. వాటితో బతికే మనుషులూ ఉన్నారు. ఆ మనుషుల భాష మన భాష. మరి మన సినిమా ఏది?

ఇక్కడికి రాగానే నాకు ఎప్పుడూ వినపడే జవాబు: "దానికి నెట్‌ఫ్లిక్స్ కావాలి, బీబీసీ కావాలి, కోట్లు కావాలి." సరే, ఇట్లాంటి సినిమాలు మన దేశంలో ఎవరు తీశారో ఒకసారి చూద్దాం.

మైసూరులో కృపాకర్, సేనాని అని ఇద్దరు మిత్రులు. ఇద్దరంటే ఇద్దరే. ఏళ్ళ తరబడి బండీపూర్ వైపు అడవికుక్కల వెంట తిరిగి సినిమా తీశారు. 2010లో దానికి బ్రిస్టల్‌లో ఇచ్చే వైల్డ్‌స్క్రీన్ అవార్డు వచ్చింది. వీళ్ళనే 1997లో వీరప్పన్ ఎత్తుకుపోయాడు. తిరిగొచ్చాక ఆ అనుభవాన్ని కన్నడంలో పుస్తకంగా రాశారు. నాకు ముఖ్యమైన సంగతి అదే: వాళ్ళు కన్నడ రచయితలు కూడా. వాళ్ళ వెనక పూర్ణచంద్ర తేజస్వి ఉన్నాడు. ఎగిరే బల్లి కోసం వెతుకులాటని నవలగా రాసి ఒక తరం కన్నడ పాఠకుల్ని అడవిలోకి పంపినవాడు. చెన్నైలో శేఖర్ దత్తాత్రి పాముల పార్కులో మొదలుపెట్టి సైలెంట్ వ్యాలీ, కుద్రేముఖ్, ఒడిశా తాబేళ్ళ దాకా తీశాడు. బెంగుళూరులో సందేశ్ కడూర్ నడిపే ఫెలిస్ క్రియేషన్స్ ఉంది. మైసూరు, చెన్నై, బెంగుళూరు. చిత్తూరు నుంచి ఈ మూడూ బస్సులో పోయొచ్చే దూరాలే.

ఇక సముద్రం. ఢిల్లీలో మైక్ పాండే నడిపే రివర్‌బ్యాంక్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ 2000లో 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' తీసింది. గుజరాత్ తీరంలో తిమింగల సొరని వేటాడటం మీద. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద చేప అది, మనిషిని ఏమీ చేయదు, నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తిని బతుకుతుంది. దాని కాలేయం నూనె పడవలకి పూసేవాళ్ళు, మాంసం విదేశాలకి పోయేది. సినిమా పాతిక నిమిషాలు కూడా ఉండదేమో. ఆ ఏడాదే దానికీ వైల్డ్‌స్క్రీన్ అవార్డు వచ్చింది. 2001లో ఆ చేపని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, అంటే పులితో సమానమైన రక్షణ. మన దేశంలో ఒక చేపకి అట్లాంటి రక్షణ అంతకుముందు లేదు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. గాలపు తాడుకి పీపాలు కట్టి వేటాడతారు కాబట్టి అక్కడి జాలర్లు ఆ చేపని "బ్యారల్" అనేవాళ్ళు. పేరే దాని ఖరీదు చెప్పేస్తుంది: ఒక పీపా. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియావాళ్ళు ప్రచారం మొదలుపెట్టి, రామకథలు చెప్పే మురారీ బాపుని పిలిచారు. ఆయన ఆ చేపని పురిటికి పుట్టింటికొచ్చే ఆడబిడ్డతో పోల్చాడు. పేరు మారింది: "వహాలీ", అంటే ప్రియమైనది. తర్వాత్తర్వాత అదే జాలర్లు, వలలో పడ్డ చేప కోసం వలని కోసి మరీ దాన్ని వదిలిపెట్టారు. వల నష్టానికి పరిహారం ఇచ్చారనుకోండి, అది వేరే విషయం. పరిహారం ఇచ్చినంత మాత్రాన పీపా కోసం ఎవరూ వల కోయరు. సినిమా చట్టాన్ని కదిలిస్తే, మనిషిని కదిలించింది గుజరాతీ మాట.

భాష గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం 'వైల్డ్ కర్ణాటక'. కర్ణాటక అటవీ శాఖతో కలిసి అమోఘవర్ష, కల్యాణ్ వర్మ బృందం తీసిన సినిమా. నాలుగేళ్ళు, నాలుగు వందల గంటల ఫుటేజి, చివరికి మిగిలింది 52 నిమిషాలు. నేను ఇంజనీరుని కాబట్టి లెక్కేశాను: తెర మీద ఒక్క నిమిషానికి దాదాపు 460 నిమిషాలు తీశారు. గొప్ప పని. 2020 జనవరిలో థియేటర్లలోకి వచ్చింది. వ్యాఖ్యానం డేవిడ్ అటెన్‌బరో. 67వ జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ వ్యాఖ్యానానికి బహుమతి ఆయనకే. కన్నడ అడవి, కన్నడ పన్నుల సొమ్ముతో నడిచే అటవీ శాఖ, బహుమతి పొందిన గొంతు మాత్రం ఇంగ్లీషు పెద్దాయనది. తర్వాత డిస్కవరీలో ప్రకాశ్ రాజ్ గొంతుతో తెలుగులోనూ వచ్చింది. ప్రకాశ్ రాజ్ గొంతుకి వంక పెట్టేవాడు లేడు. అటెన్‌బరో ముందు నేనూ చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణే. అయినా ఆ వాక్యం పుట్టింది ఇంగ్లీషులో. మనకి వచ్చింది దాని నీడ.

డబ్బింగ్ తెలుగు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. "ఈ భారీ జీవి ఇప్పుడు తన ఆహార అన్వేషణ కొనసాగిస్తోంది." మా ఊళ్ళో ఏ జీవీ ఆహార అన్వేషణ కొనసాగించదు. మేతకి పోతుంది. కొంగకి పేరుండదు, "ఈ అందమైన పక్షి" అంటారు. కొండచిలువ "తన బాధితుడి కోసం వేచి ఉంటుంది." పొంచి ఉంది అనొచ్చని ఎవరికీ తట్టదు. ఈ వాక్యాలతో పెరిగిన పిల్లవాడికి ఆఫ్రికా సింహం సంసారం మొత్తం తెలుసు, ఇంటి వెనక మడుగులో వాలే పిట్ట పేరు తెలీదు. డబ్బింగ్ ఉంది కదా, ఇంకెందుకు అనేవాళ్ళకి నా జవాబు ఇదే. డబ్బింగ్ మనకి ప్రపంచాన్ని తెచ్చింది, దానికి దణ్ణం. మన వాకిలిని మాత్రం అది చూపించలేదు, చూపించడం దాని పని కూడా కాదు.

వాకిలి అన్నాను కాబట్టి తిరుపతి సముద్రం గురించి చెప్పాలి. నవ్వకండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు, సూళ్ళూరుపేట, తడ, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఒక్క గెజిట్ కాగితంతో కొండ ఊరికి సముద్రం వచ్చింది, దాంతో పాటు పులికాట్ సరస్సూ వచ్చింది. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది. పక్కనే నేలపట్టు, గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకునే చోటు.

ఆ సరస్సు అంచున ఏడాదికి కొన్ని రోజులు దేశంలోని కెమెరాలన్నీ వాలతాయి, శ్రీహరికోట నుంచి రాకెట్ పోయినప్పుడు. రాకెట్ పోగానే కెమెరాలూ పోతాయి. ఆ దీవిలో రాకెట్లకంటే ముందు యానాదులు ఉండేవాళ్ళు. కేంద్రం కట్టేటప్పుడు వాళ్ళని లేపి వేరే చోట పెట్టారు. సరస్సు మధ్యలోంచి రోడ్డు పోయింది. సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడితే మడవలూ రొయ్యలూ రావు, నీళ్ళు తగ్గితే పడవ కదలదు, చేపల కోసం ఆంధ్రా జాలర్లకీ తమిళనాడు జాలర్లకీ గొడవలు. పిట్ట కోసం వచ్చేవాళ్ళకి ఇవేవీ కనపడవు. వాళ్ళ కోసం జరిపే పండగ పేరు ఫ్లెమింగో ఫెస్టివల్. పోస్టరు మీద తెలుగు అక్షరాల్లోనే ఉంటుంది, అక్షరాలు తప్ప అందులో తెలుగు లేదు.

అసలు "పులికాట్" అన్నదే ఒక తమిళ ఊరి పేరు తెల్లవాళ్ళ నోట్లో పడి నలిగిన రూపం. మన వైపు ఆ సరస్సుకి ఎంత మంచి పేరుందో తెలుసా? ప్రళయకావేరి. సాహిత్యం చదివేవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' మనలో చాలామంది అరల్లో ఉంది. ఆ దీవుల బాల్యం, పంట, చేప, పిట్ట, తిండి, పండగ, అన్నీ వాటి వాటి పేర్లతో, అక్కడి మాటలోనే. ఆ పుస్తకం వచ్చినప్పుడు మాండలికం గురించి మాట్లాడుకున్నాం, నుడికారం గురించి మాట్లాడుకున్నాం. ఇది ఒక సరస్సుకి సిద్ధంగా ఉన్న వ్యాఖ్యానం, దీన్ని పట్టుకుని ఎవరైనా కెమెరాతో దీవిలోకి పోవాలి అని మనలో ఎంతమంది అన్నాం? కన్నడంలో తేజస్వి చదివినవాళ్ళు అడవికి పోయారు. మనం చదివి సమీక్ష రాసి అరలో పెట్టాం.

సాహిత్యానికీ సినిమాకీ మధ్య మనకి పాత చుట్టరికమే ఉంది. బి. నరసింగరావు 'మా ఊరు' లాంటి డాక్యుమెంటరీ తీశాడు. సినిమాలు తీసిన అక్కినేని కుటుంబరావు కొల్లేరు మీద 'కొల్లేటి జాడలు' నవల రాశాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మనుషులు నడిచిన దారే. అడవికీ నీటికీ వచ్చేసరికి ఆ దారిలో గడ్డి మొలిచింది.

"యూట్యూబ్‌లో కుర్రాళ్ళు తీస్తున్నారు కదా" అని ఇంకో మాట. తీస్తున్నారు, వాళ్ళ ఉత్సాహం నాకిష్టం. కానీ తలకోన జలపాతం మీద డ్రోన్ ఎగరేసి, కింద సినిమా పాట పెట్టి, "గయ్స్, చూడండి లొకేషన్ ఎంత బాగుందో" అంటే మళ్ళీ 'పుష్ప' దగ్గరికే వచ్చాం. అదే మాట, లొకేషన్. డ్రోన్ పైనుంచి అందాన్ని చూపిస్తుంది. కింద నిలబడితేనే తెలిసేవి కొన్ని ఉంటాయి: ఏ నెలలో నీళ్ళు ఎండుతాయి, అప్పుడు ఆ చేపలు ఏమవుతాయి, పక్క ఊరి మనిషి ఆ రాయిని ఏమని పిలుస్తాడు. దానికి ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ పోవాలి. 'మై ఆక్టోపస్ టీచర్' గుర్తుందా? దక్షిణాఫ్రికాలో సీ ఛేంజ్ ప్రాజెక్ట్ అనే చిన్న బృందం. ఒక మనిషి తన ఇంటి దగ్గరి సముద్రంలోనే, అదే నీళ్ళలో, రోజూ మునిగాడు. 2021లో ఆస్కార్. ప్రపంచం చుట్టి రాలేదు.

అందుకే నేను అడిగే కంపెనీ పెద్దదేమీ కాదు. కెమెరా పట్టుకునేవాళ్ళు ఒకరిద్దరు. శబ్దం పట్టేవాళ్ళు ఒకరు. ఎడిటింగ్ చేసేవాళ్ళు ఒకరు. దారి చూపించడానికి ఆ చోట పుట్టిన మనిషి, అతనికి కూలీ కాకుండా భాగం. ఆఖరున రాసేవాళ్ళు ఒకరు, మొదటి రోజు నుంచీ ఉండాలి. సినిమా అయిపోయాక పిలిచి "కొంచెం తెలుగు రాసి పెట్టండి" అనకూడదు. అభయారణ్యంలో తీయాలంటే వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి. కర్ణాటక అటవీ శాఖ ఒక బృందంతో కలిసి పని చేయగలిగింది. ఆ సినిమా డబ్బుల లెక్కలు తర్వాత హైకోర్టుదాకా పోయాయి కాబట్టి మనవాళ్ళు మొదలే కాగితాలు శుభ్రంగా రాసుకోవచ్చు.

డబ్బు? హైదరాబాదులో, బెంగుళూరులో, డల్లాస్‌లో మా చిత్తూరు, తిరుపతి ఇంజనీర్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. హీరో పుట్టినరోజుకి కటౌట్‌కి చందా వేస్తాం. పాత సినిమా మళ్ళీ రిలీజైతే ఐదువందలు పెట్టి వెళ్ళి కాగితాలు చల్లుతాం. నెలకి ఆ ఐదువందలు వేసే రెండువేలమంది చాలు, నెలకి పది లక్షలు, ఒక చిన్న బృందం ఒక సరస్సు పక్కన ఏడాది ఉండొచ్చు. కోటీశ్వరుడూ అక్కర్లేదు, బీబీసీ సంతకమూ అక్కర్లేదు.

ఎవరు చూస్తారు అనే ప్రశ్న కూడా ఇక్కడే తేలిపోతుంది. పలమనేరులో ఏనుగు సినిమా వేస్తే రైతు చూస్తాడు, ఎందుకంటే అది అతని చేను. తిరుపతి బస్టాండులో చిరుత సినిమా వేస్తే కొండెక్కబోయే తల్లి చూస్తుంది. సూళ్ళూరుపేటలో బడిపిల్లలు పండగ రోజు స్టేజీ మీద రికార్డింగ్ డాన్సు బదులు వాళ్ళ సరస్సుని వాళ్ళు చూస్తారు. చూడనిది మనం, సాహిత్యం చదువుతాం అనుకునేవాళ్ళం. ఫిన్లాండు సినిమాకి సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఇరకం దీవి ఎక్కడుందో మ్యాపులో వెతుక్కునేవాళ్ళం.

ప్రళయకావేరి ఒడ్డున ఏ గాలికి ఏ చేప వస్తుందో చెప్పగలిగే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పిల్లలు శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సు ఎక్కుతున్నారు, ఎక్కకూడదని చెప్పే హక్కు బెంగుళూరు బస్సెక్కిన నాకు లేదు. ఆ ముసలివాళ్ళు పోయాక ఎవరో ఒకరు వచ్చి ఆ సరస్సుని తీస్తారు, అందులో సందేహం లేదు. ఖరీదైన కెమెరాతో, అద్భుతంగానే తీస్తారు. అప్పుడు ఆ గూడబాతుని "ఈ అందమైన పక్షి" అంటారు, మనం తెలుగు ఆడియో ఉందని సంబరపడి లింకు పంచుకుంటాం.